కాలిపోని పాఠం

సమాజశాస్త్రంలో పరిశోధనకు పూనుకొన్న విద్యార్థికి ప్రశ్నావళులూ, గణాంకాలూ నేర్పే గురువులు పెక్కుమంది. పల్లెను గురించి నేర్పగలది మాత్రం పల్లెయే!

ఎం.ఎన్. శ్రీనివాస్ 1948లో మైసూరు సమీపాన ఒక గ్రామంలో నెలల తరబడి నివసించి, అక్కడి ప్రజల జీవితాన్ని పరిశీలించారు. 1959లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో సమాజశాస్త్ర శాఖను నెలకొల్పి, శిష్యులనూ అదే బాట పట్టించారు.

1970 ఏప్రిల్‌లో, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో ఆయన గ్రంథరచనకు కూర్చొన్న భవనానికి దుండగులు నిప్పు పెట్టారు. ఆ గ్రామాన్ని గురించి ఏళ్ళ తరబడి క్రోడీకరించిన వివరాలు, మూడు ప్రతులూ, దగ్ధమైనాయి. ఆయన ప్రధానంగా జ్ఞాపకాలనే ఆధారం చేసుకొని గ్రంథం వ్రాశారు. అదే 1976లో వెలువడిన ‘ది రిమెంబర్డ్ విలేజ్’.

పరిశోధకులకు ఇందులో రెండు పాఠాలున్నాయి. ప్రజలతో కలిసి బ్రతికి తెలుసుకొన్నది అగ్నికి ఆహుతి కాదు. అయినప్పటికీ, మూడు ప్రతులనూ ఒకే గదిలో ఉంచరాదు!