జన్యు సమాచారానికి చట్టమే రక్ష
10,000 మంది భారతీయుల జన్యుక్రమాలను 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి తేవడం స్వాగతించదగిన ముందడుగు. ఇలాంటి సమాచారం ఎంత విలువైనదో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు: గుండె కండరాన్ని బలహీనపరిచే ఒక జన్యులోపం మన జనాభాలో దాదాపు 4 శాతం మందిలో ఉందని హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తల బృందం 2009లోనే వెల్లడించింది. లోపం ఉన్నంత మాత్రాన జబ్బు ఖాయం కాదు. ముందే తెలిస్తే జాగ్రత్తపడే వీలుంటుంది. అదే సమాచారం బీమా నిరాకరణకు సాకుగా, పెళ్లి సంబంధాలకు అడ్డుగా మారితే మేలుకన్నా కీడే ఎక్కువ. జన్యు కారణాలతో బీమా నిరాకరించడం వివక్షేనని ఢిల్లీ హైకోర్టు 2018లో చెప్పినా, ప్రత్యేక చట్టం రాలేదు. కేంద్రం ఇకనైనా ఆ చట్టం తేవాలి. జిల్లా ఆసుపత్రుల్లో జన్యు పరీక్షలు, సలహా సేవలు నెలకొల్పాలి. జన్యు అధ్యయనానికి రక్త నమూనాలిచ్చి సహకరించిన సామాన్యులకే పరిశోధన తొలి ఫలం అందాలి.