ఆపేసిన మెషీనుకీ అద్దె కడుతున్నాం!

మొన్న శుక్రవారం సాయంత్రం మా మేనేజరు క్లౌడ్ బిల్లు ముందేసుకుని కూర్చున్నాడు. "టెస్ట్ మెషీన్లన్నీ ఆపేశానన్నావు కదా, మరీ ఇంత బిల్లేంటి?" అని. నిజమే, ఆపింది నేనే. కాకపోతే ఆపింది మెషీన్లని, డిస్కుల్ని కాదు.

అమెజాన్‌లో మెషీను ఆపితే ఆగేది ప్రాసెసరు, మెమరీల మీటరే. ఈబీఎస్ డిస్కు మీటరు తిరుగుతూనే ఉంటుంది. అదీ మనం వాడినంతకి కాదు, అడిగినంతకి. ఉత్తర వర్జీనియా రేటు ప్రకారం జీపీ3 డిస్కు జీబీకి నెలకి 8 సెంట్లు. అంటే 500 జీబీ డిస్కు ఊరికే పడున్నా 40 డాలర్లు. ఇంటికి తాళమేసి ఊరెళితే కరెంటు బిల్లు తగ్గుతుంది గానీ అద్దె తగ్గదు కదా!

అజూర్‌లో ఇంకో తిరకాసు. విండోస్ లోపల్నుంచి షట్‌డౌన్ కొడితే మెషీను ఛార్జీ కూడా ఆగదు, డీఅలోకేట్ చెయ్యాలి. అప్పుడూ డిస్కుకి కట్టాల్సిందే.

మరి మందేంటి? స్నాప్‌షాట్ తీసి, దాన్నుంచి ఒకసారి డిస్కు చేసి సరిచూసుకుని, రెండు డిస్కులూ తీసెయ్యడం. అమెజాన్ స్నాప్‌షాట్‌కి అక్కడే జీబీకి 5 సెంట్లు, అదీ డేటా రాసిన బ్లాకులకే. 60 జీబీ ఉంటే 3 డాలర్లు. మళ్ళీ డిస్కు చేసుకున్నప్పుడు మొదట్లో కాస్త నెమ్మదిగా చదువుతుంది, అంతే.

ఇదేమీ బ్రహ్మవిద్య కాదు. అసలు అడ్డం "ఎప్పుడైనా పనికొస్తుందేమో" అనే మన జబ్బే. నా మటుకు ప్రతి డిస్కుకీ ఓనరు పేరూ, ఆఖరు తేదీ ట్యాగూ ఉండాలంటాను. తేదీ దాటిందా, స్నాప్‌షాట్ తీసి తీసెయ్యడమే.

ఖర్చు తగ్గించాలని మా టీములో ఇద్దరు కాంట్రాక్టు వాళ్ళని పంపించేస్తారంటున్నారు. మనుషుల్ని లెక్కపెట్టే ముందు డిస్కుల్ని లెక్కపెట్టడం న్యాయం కాదూ?