కొన్నవాళ్లే కాపాడారా?

పాత రష్యన్ ఐకాన్లనూ, బంగారు పిడి కత్తులనూ పోగేసేవాళ్ల నోట ఒక మాట పదేపదే వినబడుతుంది. బోల్షివిక్కులు చర్చీలు కూల్చి, పవిత్ర చిత్రాలు తగలబెట్టి, వెండి కరిగించేస్తుంటే విదేశీ కలెక్టర్లు డబ్బు పోసి కొన్నారట, అందుకే ఆ కళ బతికి బట్టకట్టిందట. కొన్నవాడికి పుణ్యం, అమ్మినవాడికి లాభం! ఈ వాదనలో మొదటి సగం నిజమే. దాన్ని అడ్డం పెట్టుకుని రెండో సగాన్ని చెలామణి చేయడంతోనే పేచీ.

ఆ మొదటి సగం సంగతి చూద్దాం. 1922 ఫిబ్రవరిలో, వోల్గా కరువు పేరు చెప్పి, సోవియట్ ప్రభుత్వం చర్చీల విలువైన సొత్తును స్వాధీనం చేసుకునే డిక్రీ తెచ్చింది. ఐకాన్ మీద బిగించే వెండి తొడుగును ఓక్లాద్ అంటారు. మేకులు పీకి ఆ తొడుగులు ఊడబెరికారు, తూకం వేశారు, కరిగించారు. పల్లె చర్చీల్లో చెక్క మీద గీసిన ఐకాన్ పలకలు ఎన్నో నిప్పుల పాలయ్యాయి. దీన్ని ఎవరూ కాదనరు.

అయితే మంటల్లో పడ్డ ఆ పలకలను విదేశీయులు వచ్చి కొనలేదు. వాళ్లు కొన్నవాటి దారి వేరు. 1920ల చివర, విదేశీ మారకం కోసం, ప్రభుత్వం అంతిక్వారియాత్ అనే సంస్థ ద్వారా కళాఖండాల అమ్మకాలకు దిగింది. ఆ సరుకులో మ్యూజియం నిల్వలున్నాయి. అంటే అప్పటికే జాబితాకెక్కి, తాళంలో భద్రంగా ఉన్నవి. 1929 నుంచి ఒక ఐకాన్ల ప్రదర్శన జర్మనీ, వియన్నా, లండన్, అమెరికా తిరిగింది. దాంతో పడమటి దేశాల్లో ఈ కళకు గిరాకీ పుట్టింది. ఆర్మండ్ హ్యామర్ అనే అమెరికా వ్యాపారి జార్ల కాలపు వస్తువులను అమెరికా డిపార్ట్‌మెంట్ స్టోర్లలో పెట్టి అమ్మాడు. 1936 నుంచి 1938 దాకా మాస్కోలో అమెరికా రాయబారిగా ఉన్న జోసెఫ్ డేవీస్ ఐకాన్ల సేకరణనే ఇంటికి పట్టుకుపోయాడు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే, చుట్టకు నిప్పడిగినవాణ్ణి ఇల్లు ఆర్పినవాడి కింద జమకడతామా?

మరి ఆర్పినవాళ్లెవరు? పొరల కింద మరుగుపడ్డ బొమ్మలను బయటికి తెచ్చినవాళ్లు. ఐకాన్ మీద చివరి పూతగా ఓలిఫా అనే మరిగించిన అవిసె నూనె రాస్తారు. వందేళ్లు తిరక్కముందే అది నల్లబడిపోతుంది. బొమ్మ కనబడకపోతే తర్వాతి చిత్రకారుడు దాని మీదే మళ్లీ గీస్తాడు. అలా ఒకే పలక మీద నాలుగైదు కాలాలు పేరుకుంటాయి. 1904లో పునరుద్ధరణ నిపుణుడు వసీలీ గుర్యానొవ్, పాతకాలపు ఐకాన్ చిత్రకారుడు ఆంద్రేయ్ రుబ్లోవ్ గీసిన త్రిత్వం చిత్రం మీది లోహపు తొడుగు తీయించి, పై పొరలను తొలగించడం మొదలుపెట్టాడు. 1918లో కళాచరిత్రకారుడు ఇగోర్ గ్రబార్ నడిపిన కమిషన్‌లో గ్రిగోరీ చిరికొవ్ వంటి పునరుద్ధరణ నిపుణులు వ్లదీమిర్ మేరీమాత చిత్రం మీది పొరలను ఒక్కొక్కటే మెత్తబరిచి, కత్తి మొనతో రవ్వంత రవ్వంతగా ఎత్తి, 12వ శతాబ్దపు ముఖాన్ని బయటపెట్టారు. ఆ చిత్రం మీద పుస్తకం రాసిన పండితుడు అలెక్సాందర్ అనీసిమొవ్‌ను 1930లో అరెస్టు చేశారు, 1937లో కాల్చి చంపారు. కాపాడడం అంటే ఇదీ. ఇందులో చెక్కుబుక్కు పని లేదు.

కలెక్టర్లందరినీ ఒకే గాటన కట్టడం లేదు. 17వ శతాబ్దపు చర్చి సంస్కరణలను ఒప్పుకోని పాతనమ్మకస్తులు పాత ఐకాన్లను తరతరాలుగా దాచుకున్నారు. వాటి ముందు మోకరిల్లడానికే కొన్నారు. విప్లవానికి ముందు స్తెపాన్ ర్యబుషీన్‌స్కీ, ఇల్యా ఒస్త్రోఊఖొవ్ అనే కలెక్టర్లు తాము కొన్నవాటిని శుభ్రం చేయించారు, పండితులకు చూపించారు. ఆ గౌరవం వాళ్లది. దాన్ని తర్వాతి కొనుగోలుదారులు వారసత్వంగా లాక్కోవడం కుదరదు.

కొనుగోలు వల్ల పోయిందేమిటో కూడా చూడాలి. రష్యన్ చర్చిలో గర్భాలయం ముందు ఐకాన్ల గోడ ఉంటుంది. అందులో దేయిసిస్ అనే వరుసకు నడుమ క్రీస్తు. ఒక పక్క మేరీ, మరో పక్క స్నాపక యోహాను, వారి వెనక దేవదూతలు, అపొస్తలులు. అందరూ నడుమకే తిరిగి తలవంచి ఉంటారు. ఆ వరుసలోంచి పౌలు పలక ఒక్కటి విడదీసి డ్రాయింగ్ రూంలో తగిలిస్తే ఆయన తలవంచేది ఎవరికి? పక్కనున్న టీవీకా? పలక చెక్కుచెదరలేదు, నిజమే. దాని అర్థం మాత్రం చర్చిలోనే ఉండిపోయింది.

ఆయుధాల కథా ఇంతే. 1815లో మొదలైన జ్లతొఊస్త్ ఆయుధాల కర్మాగారానికి జర్మనీలోని జోలింగెన్ నుంచి కమ్మరులు వచ్చారు. వాళ్ల పక్కన పనిచేసిన ఇవాన్ బుషూయెవ్ కత్తి అలుగు మీద రెక్కల గుర్రాన్ని పరుగెత్తించాడు. ఇలాంటి అలంకార ఖడ్గాలు ఒక రకం. అధికారులకు బహుమతిగా ఇచ్చిన బంగారు ఆయుధాలు ఇంకో రకం. వాటి పిడి మీద ‘శౌర్యానికి’ అని రష్యన్‌లో చెక్కి ఉంటుంది. ఆ కత్తి విలువ పూతలో లేదు. ఎవరికి, ఏ యుద్ధానికి ఇచ్చారన్న దాఖలాలో ఉంది. బజారుకెక్కగానే మొదట ఊడేది ఆ పేరే. పేరు లేని చోట నకిలీకి సందు దొరుకుతుంది: మామూలు సైనికాధికారి కత్తి తెచ్చి, కొత్తగా ఆ అక్షరాలు చెక్కితే ధర పెరుగుతుంది. భూతద్దంలో చూడండి. పాత గీతలు అక్షరాల మీదుగా సాగాలి. అక్షరమే గీతను కోసుకుంటూ పోతే ఆ శౌర్యం నిన్నమొన్నటిది.

ఐకాన్ల విషయంలోనూ గిరాకీ రక్షణకంటే అనుమానాన్నే ఎక్కువ పెంచింది. సోవియట్ అమ్మకాల ద్వారా అమెరికా చేరిన, కలెక్టర్ జార్జ్ హాన్ సేకరణ 1980లో న్యూయార్క్‌లో క్రిస్టీస్ వేలానికి వచ్చింది. మరుసటేడే పునరుద్ధరణ నిపుణుడు వ్లదీమిర్ తేతెర్యాత్నికొవ్ అందులో చాలావరకు నకిలీలేనంటూ పుస్తకమే వేశాడు. ఆయన మాట ఎంతవరకు నిజమన్నది పక్కన పెట్టినా, ప్రభుత్వం అమ్మిన సరుకుకే ఇంత రగడ జరిగితే, చేతులు మారి చీకటి దారిన వచ్చినదానికి పూచీ ఎవరు?

కొనడం నేరమని నేననడం లేదు. రక్షకులమని చెప్పుకునేవాళ్లు ఆ పని చేసి చూపించాలంటున్నాను. మీ దగ్గరున్న పలక ఏ చర్చిది, ఏ ఏడాది ఎవరి చేతికొచ్చింది, కత్తి మీది పేరెవరిది, అన్నీ ప్రకటించండి. పరిశోధకుడు అడిగితే బీరువా తెరవండి. వరుసలోని మిగతా పలకలు మ్యూజియంలో ఉంటే మీదీ అరువివ్వండి. అది చేయనంతకాలం మీరు కొనుగోలుదారులే. రక్షకులన్న బిరుదు చిరికొవ్, అనీసిమొవ్‌లది.