ఇంటి ముచ్చట: అవ్వకు మాట వినబడవలెను



టీవీకి కంప్యూటరు తగిలించి ఇంటిల్లిపాదీ సినిమా చూచే అలవాటు మన పల్లెలకూ వచ్చినది. ఈ నెల మేము చేసిన ఒక పొరపాటు చెప్పెదము, మీకు ఉపయోగపడవచ్చును.

మంగంపేటలో ముగ్గురాయి మిల్లుకు పోయే ఒక కుటుంబము చీటీ పాడిన డబ్బుతో అట్టి కంప్యూటరు కూర్చి పెట్టమని మమ్మును అడిగిరి. సామాను తెచ్చి బిగించి, చూడముచ్చటగా ఉండునని టీవీ క్రింది అరలో పెట్టి తలుపు మూసితిమి. అది మే నెల. అరగంటకే లోపలి ఫ్యాను మిల్లువలె రొద పెట్టినది. ఆ యింటి అవ్వకు వినికిడి తక్కువ. “బొమ్మ కనబడుతాంది గానీ మాట ఇనబడదు నాయనా” అని లేచి బయట మంచము మీదికి పోయినది. మాకు సిగ్గు కలిగినది. ఎవరి సంతోషము కొరకు కొన్నారో ఆమెయే బయట ఉన్నది!

మరునాడు విప్పి చూచితిమి. ఒక సంగతి గమనించండి: ఫ్యాను గదిలోని గాలినే విసరును గాని చల్లగాలిని పుట్టించదు. గది 42 డిగ్రీలుంటే పెట్టె లోపల అంతకంటె ఎక్కువే. కావున మొదట వేడి పుట్టకుండ చూడవలెను. సినిమాకు వేరే గ్రాఫిక్స్ కార్డు అక్కరలేదు. నేటి ప్రాసెసర్లు చాలావాటిలో ఆ ఏర్పాటు లోపలనే కలదు. 35 లేక 65 వాట్ల రకము చాలును. తిరిగే హార్డు డిస్కుకు బదులు ఎస్ఎస్‌డి పెట్టితే ఆ చప్పుడూ ఉండదు.

రెండవది, చిన్న ఫ్యాను వేగముగా తిరిగి అరచును. 120 మిల్లీమీటర్ల ఫ్యాను మెల్లగా తిరిగియే అంత గాలి తోలును. వేగము సగమైతే రొద సుమారు 15 డెసిబెల్సు తగ్గును. ప్రాసెసరు మీద పేస్టు కందిగింజంత చాలును.

మూడవది మన ఊరి దుమ్ము. ముగ్గురాయి నీటికంటె నాలుగు రెట్లకు పైగా బరువైనది; దాని మెత్తని పొడి హీట్‌సింకు రేకుల సందులలో పేరుకొన్నచో గాలి ఆడదు. గాలి లోనికి వచ్చు చోట జాలీ ఫిల్టరు పెట్టి, బయటికి పోవుదానికంటె లోనికి వచ్చు గాలి ఎక్కువగా ఉంచితే సందులగుండ దుమ్ము దూరదు. పెట్టెను నేలమీద గాని మూసిన అరలో గాని ఉంచవద్దు. పదిహేను దినములకొకసారి ప్లగ్గు పీకి ఫిల్టరు దులపండి. లోపల దుమ్ము ఊదునప్పుడు ఫ్యాను రెక్కను వ్రేలితో పట్టుకొనుడి. లేనిచో అది గిర్రున తిరిగి చెడును.

అలాగే చేసితిమి. గ్రాఫిక్స్ కార్డు తీసి అమ్మగా వచ్చినది పెద్ద ఫ్యానుకు, ఫిల్టరుకు సరిపోయినది. ఆ బీదవారి మీద మరల భారము పడలేదు. పెట్టెను అరలోనుండి తీసి, గోడకు జానెడు ఎడముగా బల్లమీద పెట్టితిమి.

మొన్న వెళ్లినప్పుడు అవ్వ లోపలనే చాప మీద కూర్చున్నది. సినిమా సగములో కరెంటు పోయినది. పిల్లలు నిట్టూర్చగా, అంతవరకు విన్న మాటలను పట్టుకొని మిగతా కథ ఆమెయే అల్లి చెప్పినది.