తల్లి సంతకం లేని టీకా

ఖమ్మం జిల్లాలో 2009లో దాదాపు 14 వేల మంది ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేశారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే టీకా అది. వేయించుకున్నవారిలో చాలామంది హాస్టళ్లలో చదువుకునే గిరిజన పిల్లలు. కొందరు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో కేంద్రం ఆ కార్యక్రమాన్ని ఆపించింది. మరణాలకు టీకాయే కారణమన్న ఆధారం విచారణ కమిటీకి దొరకలేదు. బయటపడింది వేరే తప్పు. తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకాలు ఎన్నోచోట్ల వార్డెన్లు పెట్టేశారు. పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది.

అప్పుడు టీకాపై పుట్టిన అనుమానాన్ని పోగొట్టాల్సిందే. దేశంలో ఏటా లక్షా 20 వేల మందికి పైగా మహిళలు ఈ క్యాన్సర్ బారిన పడుతున్నారు. 75 వేల మందికి పైగా చనిపోతున్నారు.

దాదాపు అన్ని కేసులకూ మూలం హెచ్‌పీవీ వైరసే. లైంగిక సంపర్కం వల్ల సోకే ఈ వైరస్ ఎక్కువమందిలో దానంతటదే పోతుంది. పోకుండా తిష్ఠ వేస్తే క్యాన్సర్‌గా ముదరడానికి సాధారణంగా పదేళ్లు, ఇరవై ఏళ్లు పడుతుంది. జాగ్రత్తపడటానికి అంత గడువు ఉంది.

ఖమ్మం గొడవతో దేశంలో మరో టీకా అధ్యయనమూ మధ్యలో ఆగింది. అందులో వేలమంది బాలికలకు ఒక్క డోసే అందింది. ఏళ్ల తరబడి గమనిస్తే, ఆ ఒక్క డోసే దాదాపు పూర్తి డోసులంత రక్షణ ఇస్తోందని తేలింది. ఇలాంటి ఆధారాలతోనే 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసు పద్ధతికి పచ్చజెండా ఊపింది. సిక్కిం 2018లో టీచర్లకు, తల్లిదండ్రులకు ముందుగా వివరించి బడుల్లో టీకా వేసింది. అర్హులైన బాలికల్లో 95 శాతానికి పైగా వేయించుకున్నారు.

మరి తల్లుల సంగతి? 30-49 ఏళ్ల మహిళల్లో ఒక్కసారైనా ఈ క్యాన్సర్‌ను ముందే పసిగట్టే పరీక్ష చేయించుకున్నవారు వందకు ఇద్దరైనా లేరని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. పరీక్షకు పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. గర్భాశయ ముఖద్వారంపై పలుచని ఎసిటిక్ ఆమ్లం అద్ది, నిమిషం ఆగి, తెల్లమచ్చలు కనిపిస్తున్నాయేమో చూస్తారు. ముంబయి బస్తీల్లో టాటా మెమోరియల్ ఆస్పత్రి శిక్షణ ఇచ్చిన ఆరోగ్య కార్యకర్తలే ఈ పరీక్ష చేశారు. అక్కడ ఈ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి.

అందుకే తల్లి సంతకాన్ని కాగితాల లాంఛనంగా చూడకూడదు. కూతురి టీకా గురించి మాట్లాడటానికి ఆమెను పిలిచిన రోజే, ఆమె సందేహాలన్నీ తీర్చి, ఒప్పుకుంటే అక్కడే పరీక్ష చేయాలి. తెలుగు రాష్ట్రాల ఆరోగ్య శాఖలు ఆ ఏర్పాటును ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనే చేయాలి. మొదట చేయాల్సింది ఖమ్మం గిరిజన ఆశ్రమ పాఠశాలల బాలికల తల్లులకు.