హాజరుపట్టీలో పేరు

మెదకు పట్టణ సమీపమున మంభోజిపల్లి చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో ఆగిపోయినప్పుడు, బోధనునందును మెట్‌పల్లి చెంత ముత్యంపేటయందును గల తోడి కర్మాగారములతోపాటు ఇచ్చటను యాజమాన్యము ప్రకటించినది లే-ఆఫ్ మాత్రమే. 1937లో బోధనున పుట్టి, 2002లో ప్రైవేటు భాగస్వామ్యమునకు పోయి, నూటికి 51 వంతులు ఆ భాగస్వామి చేతను 49 వంతులు ప్రభుత్వము చేతను నిలిచిన నిజాం షుగర్స్ చరిత్రలో చివరి అధ్యాయమిది. లే-ఆఫ్ నందు పని ఆగును గాని ఉద్యోగము పోదు. కార్మికుని పేరు హాజరుపట్టీలో నుండవలెను, మూలవేతనమును కరవుభత్యమును కలిపి సగము మొత్తము అతని చేతికి రావలెను. అయితే ఋతువును బట్టి నడుచు సంస్థలకు ఈ రక్షణ లేదని 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టమునందే ఒక మినహాయింపు ఉండెను. ఏ సంస్థ అట్టిదో తేల్చు అధికారము ప్రభుత్వమునకే విడువబడినది. చెఱకు కోతకాలమున మాత్రమే గానుగలాడు పరిశ్రమలో ఈ మినహాయింపు ఎవరి పక్షమున నిలుచునో ఊహించుట కష్టము కాదు. 2019లో కంపెనీ లా ట్రిబ్యునలు ఆ కంపెనీ ఆస్తుల లిక్విడేషనునకు ఆదేశించినది. అట్టి సందర్భమున కార్మికుల ఇరువదినాలుగు నెలల బకాయి వేతనములకు, తాకట్టుగల బ్యాంకుల అప్పులతో సమానమైన స్థానమును దివాలా స్మృతి యిచ్చుచున్నది. పీఎఫ్, గ్రాచ్యుటీ సొమ్ములను ఆ ఆస్తిలో కలుపనే రాదు. ఇంత రక్షణయు ఉన్నదే. కాని లిక్విడేటరు నెదుట నిలిచినవాడు మొట్టమొదట చూపవలసినది తన పేరుగల కాగితము.

మన కార్మికులకు చట్టజ్ఞానము లేదని సభలలో తఱచుగా వినవచ్చును. ఈ మాట సగమే నిజము. కనీస వేతనమొకటి యున్నదనియు, అధికకాలపు పనికి రెట్టింపు కూలి రావలెననియు, పీఎఫ్ కోతకు యజమాని వంతు జతపడవలెననియు తెలియనివారు నేడు తక్కువ. లేనిది జ్ఞానము కాదు, రుజువు.

రామాయంపేట ప్రాంతమున అరుగుపై కూర్చుండి, ఒడిలో చాట పెట్టుకొని, తడిపిన తునికాకును కత్తెరతో తఱిగి, తంబాకు నింపి, దారము చుట్టి, సాయంత్రమునకు కట్టలు గట్టి ఠేకేదారునకు అప్పగించు స్త్రీని చూడుడు. ఆకు ఆమెది కాదు, తంబాకు ఆమెది కాదు. బాగులేదని బీడీలను పక్కకు త్రోయు అధికారము మాత్రము పూర్తిగా అవతలివానిది. వేయింటికి ఇంతయని కూలి. ఈమె కంపెనీ ఉద్యోగినియా, ఇంటివద్ద స్వంత వృత్తి చేసికొను మనిషియా యను వివాదము న్యాయస్థానములలో బహుకాలము నడిచినది. 1966 నాటి బీడీ, సిగారు కార్మికుల చట్టము, ముడిసరకు తీసికొనిపోయి ఇంటివద్ద చుట్టువారిని సైతము ఉద్యోగులనియే నిర్వచించినది. పీఎఫ్ విషయమునను, సరకును తిరస్కరించు హక్కే యజమాని అదుపునకు నిదర్శనమని 1985లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.

ఆ వాదమునకు మూలము మన రాష్ట్రపు దుకాణమే యగుట విశేషము. హైదరాబాదు ప్రాంతపు సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ లోని దర్జీలు, గుడ్డకింతయని కూలి పుచ్చుకొనుచు, వచ్చు వేళ, పోవు వేళ నిర్ణయము లేక పని చేసిరి. కావున వారు ఉద్యోగులు కారని యజమాని వాదించెను. కుట్టు యంత్రము దుకాణముది, కుట్టు బాగులేనిచో మరల కుట్టుమను అధికారము దుకాణముది, కావున వారు ఉద్యోగులే యని 1973లో సుప్రీంకోర్టు తేల్చినది. ఆ తీర్పు నేటికిని దేశమంతట ఉదాహరింపబడుచున్నది. మన బజారులలోని దర్జీలలో దానినెఱిగినవారెందఱో చెప్పలేము.

ఇన్ని తీర్పులుండియు బీడీ కార్మికురాలి పరిస్థితి వింతగా నున్నది. ఒక్క పీఎఫ్ కార్డు అత్తగారి పేర నుండగా కోడలు, కూతురు చుట్టిన బీడీలు కూడ ఆ లెక్కలోనే పడుట ఈ పల్లెలలో సామాన్యము. ముగ్గురి శ్రమ ఒక్క పేరున జమయగును. తక్కిన యిద్దఱును చట్టము దృష్టిలో పుట్టనివారు. తెలంగాణ ప్రభుత్వము 2015లో నెలకు వేయి రూపాయలతో ప్రారంభించి పిమ్మట 2,016కు పెంచిన బీడీ కార్మికుల జీవనభృతికిని పీఎఫ్ ఖాతాయే ప్రమాణమైనది. నాడు పుస్తకమున కెక్కని పేరు నేడు భృతికిని ఎక్కలేదు.

2025 జూన్ 30న, పూర్వపు మెదకు జిల్లాలోని పాశమైలారమున సిగాచి కర్మాగారము పేలి ఏబదిమందికి పైగా మరణించిరి. పొరుగు రాష్ట్రములనుండి వచ్చిన కూలీలు వారిలో అనేకులు. లోపల నెవరుండిరో, ఎవరు మిగిలిరో తేల్చుటకే దినములు పట్టినది. తూప్రాను, మనోహరాబాదు ప్రాంతపు కర్మాగారములలో నేడు పనిచేయు కాంట్రాక్టు కూలీల పేర్లు ఏ పట్టీలో నున్నవో అడుగుటకు మఱియొక పేలుడు జరుగనక్కఱలేదు. కాంట్రాక్టరు కూలి ఎగవేసినచో అసలు యజమానియే చెల్లింపవలెనని 1970 నాటి చట్టము విధించినది. ప్రమాద పరిహారమును సైతము అసలు యజమానినుండి కోరుటకు 1923 చట్టము వీలు కల్పించినది.

ఇట్టి పాత చట్టములు ఇరువదితొమ్మిదింటిని నాలుగు స్మృతులుగా కూర్చి కేంద్రము 2025 నవంబరు 21న అమలునకు తెచ్చినది. అందొక అంశము నాకు బొత్తిగా నచ్చదు: కార్మికులను తొలగించుటకును, సంస్థను మూయుటకును ప్రభుత్వానుమతి కావలసిన పరిమితిని నూఱుమందినుండి మున్నూఱునకు పెంచిరి. మన జిల్లాలోని మధ్యతరహా పరిశ్రమలలో అనేకము ఈ గీతకు దిగువనే ఉండును. కాని ఆ నాలుగు స్మృతులలో ఒకదానియందలి యొక నిబంధనను మాత్రము మనస్ఫూర్తిగా స్వాగతింపవలెను. ప్రతి ఉద్యోగికిని నియామకపత్రము ఇయ్యవలెను. పూర్వమునుండి పనిచేయుచు పత్రము లేనివారికి స్మృతి అమలైన మూడు మాసములలో ఇయ్యవలెను. పదిమందికి తక్కువ గల చోట్లకు ఇది వర్తింపకపోవుట లోపమే. 1966 బీడీ చట్టము కూడ ఈ స్మృతిలోనే లీనమైనది గనుక, ఇండ్లలో చుట్టువారి స్థానమేమో రాష్ట్ర నిబంధనలు సందేహమునకు తావులేకుండ చెప్పవలెను.

"కాయితమెందుకమ్మా, నేను లేనా?" యను యజమాని మంచివాడే కావచ్చును. కరవునాళ్ళలో పేదలకు పని కల్పించి కూడు పెట్టుటకై క్రైస్తవ మతగురువు పాస్నెట్ దొర 1914 నుండి 1924 వరకు మెదకు చర్చిని కట్టించెనని మన పెద్దలు నేటికిని కృతజ్ఞతతో చెప్పుకొందురు. ఆ కృతజ్ఞత ఉచితమే. కాని దయ చూపినవాడు గతించినచో, వాని కొడుకు ఆ దయను బాకీగా ఒప్పుకొనవలెనను నియమమేదియు లేదు.

కార్మిక శాఖవారు గోడపత్రికలు అంటించుట మాని, చేగుంటకును రామాయంపేటకును రిజిస్టర్లతో పోయి, ఒక్కొక్క కార్డు వెనుకనున్న పేర్లను విడదీసి వ్రాయింపవలెను. ఈ పత్రిక చదువు పాఠకులలో బట్టల దుకాణము, ఆస్పత్రి, ప్రైవేటు బడి నడుపువారు ఉందురు. మీవద్ద పనిచేయువారికి పత్రమిచ్చితిరా? ఇతరులవద్ద పనిచేయువారు నెలనెలా వేతనచీటి అడిగి భద్రపఱచుకొనుడు. అది లేనిచో బ్యాంకు పుస్తకమునైన దాచుకొనుడు. 2016 అక్టోబరు వరకు జిల్లా పేరు మెదకైనను కలెక్టరు కచ్చేరి సంగారెడ్డిలో నుండెను. నేడది మెదకు పట్టణముననే యున్నది గనుక ఫిర్యాదునకు దూరము పోనక్కఱలేదు. వేతనపు బకాయిని కోరుటకు పూర్వము ఒక్క యేడాదియే యుండిన గడువు క్రొత్త వేతన స్మృతిలో మూడేండ్లైనది.