‘తగ్గిపోయింది’ అన్న మాటను నమ్మకండి

ట్రకోమా అనే కంటివ్యాధి ఇక మన దేశంలో ప్రజారోగ్య సమస్య కాదని 2024 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. 1963లో జాతీయ ట్రకోమా నియంత్రణ కార్యక్రమం ఆరంభమైన నాటి నుండి జరిగిన కృషికి దక్కిన ఫలమిది. ప్రభుత్వ వైద్యునిగా జీవితం గడిపిన నాకు గర్వకారణమే. అయినను ఆ వార్త చదివినప్పుడు నాకు ముందుగా గుర్తుకు వచ్చినది ఒక అవ్వ.

ఉద్యోగంలో చేరిన తొలినాళ్ళ మాట. “కంట్లో నలక పడింది, తీసెయ్యి నాయనా” అంటూ ఆసుపత్రికి వచ్చింది. “ఎన్నాళ్ళయింది అవ్వా?” అని అడిగితే “ఏడెనిమిదేండ్లు” అన్నది. అది నలక కాదు. లోపలికి తిరిగిన రెప్పవెంట్రుకలు కనుగుడ్డును గీరుతున్నాయి. కోడలి చేత శ్రావణంతో పీకించుకొనేదట, మళ్ళీ మొలిచేవట. చిన్నతనంలో కండ్లు ఎర్రబడి పుసి కట్టేవనీ, తరువాత అదే తగ్గిపోయిందనీ చెప్పింది. ఒక కన్ను అప్పటికే తెల్లబడింది. రెండవదానికైనా శస్త్రచికిత్స చేయించుకొమ్మని పెద్దాసుపత్రికి వ్రాసి పంపాను. వెళ్ళినదో లేదో నాకు నేటికీ తెలియదు.

ఆ ‘తగ్గిపోయింది’ అన్న మాటలోనే ఈ వ్యాధి చేసే మోసమంతా ఉన్నది.

ట్రకోమాకు కారణం క్లామీడియా ట్రకోమాటిస్ అనే సూక్ష్మజీవి. పుసి అంటిన వ్రేళ్ళు, తువ్వాళ్ళు, చీర కొంగులు, ముఖంపై వ్రాలే ఈగలు దీనిని ఒక పిల్లవాని నుండి మరొకనికి చేరవేస్తాయి. పై రెప్పను తిరగవేసి చూస్తే లోపలి పొరపై ఉడికిన సగ్గుబియ్యం వంటి గింజలు కనిపిస్తాయి. ఇవే ఫాలికిల్స్, అనగా పుటికలు. వీటిలో ఉండేది చీము కాదు. సూక్ష్మజీవిని ఎదుర్కొనేందుకు గుమికూడిన రక్షణ కణాలు. అర మిల్లీమీటరుకు తగ్గని పుటికలు అయిదు గాని అంతకు మించి గాని ఉంటే అది వ్యాధి చురుకుగా ఉన్న దశకు గుర్తు. పిల్లవానికి పెద్ద బాధ ఉండకపోవచ్చును. కాని మందుతో వ్యాధిని మొదటనే అరికట్టగలిగే దశ ఇదే.

ఏటేటా మళ్ళీ మళ్ళీ సోకితే రెప్ప లోపలి పొర వాచి దళసరి అవుతుంది. క్రమంగా పుటికలు పోయి, వాటి చోట తెల్లని మచ్చలు మిగులుతాయి. రోగి నయమైనదనుకొంటాడు. ఏండ్లు గడిచేకొద్దీ ఆ మచ్చలు ముడుచుకొని రెప్ప అంచును లోపలికి లాగుతాయి. అప్పుడు రెప్ప వేసిన ప్రతిసారీ వెంట్రుకలు కార్నియాను గీస్తాయి. చివరకు అది తెల్లబడి చూపు పోతుంది.

1908లో ఈజిప్టులో పనిచేసిన మెకల్లన్ అనే వైద్యుడు ఈ వ్యాధిని నాలుగు దశలుగా విభజించాడు. నాలుగవ దశకు ఆయన పెట్టిన పేరు ‘నయమైన దశ’. సూక్ష్మజీవి దృష్టితో చూస్తే అది సరియే. కాని కన్ను పోవడం ఆ మచ్చల వలననే. 1987లో ప్రపంచ ఆరోగ్య సంస్థ స్వీకరించిన సరళ పద్ధతిలో ‘నయమైన’ అన్న మాటే లేదు. పుటికలు, తీవ్రమైన వాపు, మచ్చలు, రెప్పవెంట్రుకలు లోనికి తిరగడం, కార్నియా తెల్లబడడం అనే అయిదు లక్షణాలను దేనికదే నమోదు చేస్తారు.

నేటి ప్రకటన విషయంలోనూ ఆ పాత పొరపాటే జరుగుతుందేమోనని నా భయం. ఇది మశూచిని భూమి మీద లేకుండా చేయడం వంటిది కాదు. ఒకటి నుండి తొమ్మిదేండ్ల పిల్లలలో పుటికల దశ 5 శాతం కన్న తక్కువగానూ, 15 ఏండ్లు దాటినవారిలో ఆరోగ్య వ్యవస్థ దృష్టికి రాని లోవెంట్రుకల దశ 0.2 శాతం కన్న తక్కువగానూ ఉండాలన్నది ప్రమాణం. తక్కువ అంటే సున్న అని కాదు. అర్ధ శతాబ్దం క్రిందట పుటికలతో తిరిగిన పిల్లలు నేడు నా వయసువారు. వారి రెప్పలలో మచ్చలు ఇంకా ముడుచుకొంటూనే ఉండవచ్చును. పిల్లల ఆలనాపాలనా చూసినది తల్లులు గనుక వారిలో స్త్రీలే అధికం.

పంజాబు, రాజస్థాన్, గుజరాత్ వంటి పొడి ప్రాంతాలతో పోలిస్తే మన వైపు ఈ వ్యాధి తక్కువే. తక్కువ గనుకనే గుర్తించేవారూ తక్కువ. శుక్లాల కోసం జరిపే ప్రతి శిబిరంలోనూ వృద్ధుల రెప్పవెంట్రుకలను పరీక్షించడం, పై రెప్పను తిరగవేసి చూడడం తప్పనిసరి కావాలన్నది నా అభిప్రాయం. ఆ పరీక్షకు ఒక నిమిషం చాలును, ఖర్చు లేదు.

మీ ఇంట పెద్దవారు కంట్లో ఏదో గుచ్చుకొంటున్నదని పదే పదే అంటే, వెంట్రుకలు పీకి ఊరుకోకండి. కంటి వైద్యునికి చూపించండి. రెప్ప అంచును వెలుపలికి త్రిప్పే చిన్న శస్త్రచికిత్స ఉన్న చూపును కాపాడగలదు. పోయిన చూపును మాత్రం తేలేదు.